గేటు పడింది, రైలేదీ?

రైల్వే గేటు దగ్గర ఆగిన ప్రతి మనిషీ ఎప్పుడో ఒకప్పుడు అడిగే ప్రశ్న ఇది. గేటు పడి ఐదు నిమిషాలైంది. కనుచూపు మేర పట్టాలు ఖాళీ. రైలు కూతైనా వినబడదు. వెనక హారన్ల మోత, పక్కన బఠాణీల బండి, ముందు వరసలో బైకును పక్కకు వాల్చి గేటు గడ కింద నుంచి దూర్చేస్తున్న కుర్రాడు. ఆ సమయంలో గేట్‌మ్యాన్‌ను తిట్టుకోని వాళ్లు అరుదు. ఆయనేమో తన గది ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉంటాడు. చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే, ఆ క్షణంలో గేటు తీయాలని ఆయన అనుకున్నా తీయలేడు. తాళం ఆయన చేతుల్లో ఉండదు.

ఎందుకో తెలియాలంటే ముందు రైలు బ్రేకు సంగతి చూడాలి. కారు టైరు రబ్బరు, రోడ్డు తారు. రెండూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి. రైలు చక్రం ఉక్కు, పట్టా కూడా ఉక్కే. ఆ నున్నదనం వల్లే ఒక్క ఇంజిన్ వేల టన్నుల సరుకును సులువుగా లాగగలుగుతోంది. ఆపాల్సి వచ్చినప్పుడు ఆ నున్నదనమే శత్రువు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వస్తున్న రైలు సెకనుకు 28 మీటర్లు ముందుకొస్తుంది. లోకో పైలట్ ఎమర్జెన్సీ బ్రేకు వేసినా పూర్తిగా ఆగేసరికి దాదాపు కిలోమీటరు గడిచిపోతుంది. పట్టాల మీద బస్సు ఆగిపోయిందని ఆయనకు 300 మీటర్ల దూరంలో కనబడిందనుకోండి, బస్సును చేరడానికి పట్టేది పదకొండు సెకన్లలోపే. బ్రేకు వేయడం, కూత పెట్టడం తప్ప ఆయన చేయగలిగింది లేదు. పక్కకు తిప్పడానికి స్టీరింగ్ కూడా ఉండదు.

కాబట్టి గేటు దగ్గర జరిగే సాంకేతిక పనంతా ఒక్కటే: రైలు వస్తోందన్న కబురును రైలు కన్నా చాలా ముందుగా రోడ్డుకీ, రోడ్డు ఖాళీగా ఉందన్న కబురును అంతే ముందుగా రైలుకీ చేరవేయడం. ఇందులో రెండో సగం మనకు కనబడదు. మన సహనాన్ని పరీక్షించేది అదే.

మన దేశంలో రద్దీ గేట్లలో ఎక్కువ భాగం ‘ఇంటర్‌లాకింగ్’ ఉన్నవి. అంటే గేటుకూ, రైలు సిగ్నల్‌కూ ముడి వేసి ఉంటుంది. గేటు పూర్తిగా పడి తాళం బిగిస్తే తప్ప రైలుకు పచ్చదీపం రాదు. పచ్చదీపం వచ్చాక గేటు తాళం ఊడదు. మధ్యలో సిగ్నల్‌ను మళ్లీ ఎర్రగా మార్చినా తాళం వెంటనే వదలదు. అప్పటికే దగ్గరికి వచ్చేసిన రైలు దాటిపోయేందుకు గానీ ఆగేందుకు గానీ సరిపడా సమయం గడవాలి.

ఇప్పుడు దూరాల లెక్క చూద్దాం. గేటుకు కొంత ముందు గేటు సిగ్నల్ ఉంటుంది. దాని స్తంభానికి పసుపుపచ్చ గుండ్రటి బిళ్ల మీద ‘జి’ అనే ఇంగ్లిష్ అక్షరం రాసి ఉంటుంది. అక్కడ ఎరుపు కనబడ్డాక బ్రేకు వేస్తే లాభం లేదు. అందుకే ఇంకో కిలోమీటరు ముందే ‘డిస్టెంట్’ సిగ్నల్ పెడతారు. వేగం ఎక్కువగా ఉండే మార్గాల్లో దానికీ కిలోమీటరు ముందు మరొకటి. ఆ మొట్టమొదటి దీపాన్ని కూడా లోకో పైలట్ దూరం నుంచే పచ్చగా చూడాలి. లేదంటే వేగం తగ్గించేస్తాడు. అంటే రైలు రెండున్నర, మూడు కిలోమీటర్ల దూరంలో ఉండగానే గేటు పడి, తాళం బిగిసి, సిగ్నళ్లు మారి ఉండాలి. ఎక్స్‌ప్రెస్ ఆ దూరాన్ని రెండు నిమిషాల్లోపు దాటేస్తుంది. 40 కిలోమీటర్ల వేగంతో నడిచే గూడ్సుకు నాలుగున్నర నిమిషాలు పడుతుంది. గేటు వేయడానికి ముందు రోడ్డు ఖాళీ కావాలి కదా, అదొక నిమిషం. జంట లైనైతే ఈ రైలు తోక దాటుతుండగానే అటు నుంచి ఇంకో రైలుకు సిగ్నల్ ఇచ్చేసి ఉంటారు. మనం గేట్‌మ్యాన్ ఖాతాలో రాసే ఆలస్యానికి అసలు సొంతదారు బ్రేకు.

ఇలా కాకుండా వేరే పద్ధతి ఉందా అంటే ఉంది. బ్రిటన్, అమెరికాల్లో చాలా గేట్లు వాటంతటవే పడతాయి. మనిషి ఉండడు, రైలు సిగ్నల్ కోసం ఎదురుచూడడమూ ఉండదు. రైలు వచ్చే ముందు దీపాలు మిణుకుతాయి, గంట మోగుతుంది, గడ దిగుతుంది. అమెరికా నిబంధనల ప్రకారం కనీసం 20 సెకన్ల ముందు హెచ్చరిక మొదలు కావాలి. బ్రిటన్‌లో సగం రోడ్డుకే అడ్డుపడే ఆటోమేటిక్ గేట్లకు 27 సెకన్లు. మన ఐదు నిమిషాలెక్కడ, వాళ్ల అర నిమిషమెక్కడ!

మనిషి లేకుండా గేటుకు రైలు వస్తోందని ఎలా తెలుస్తుంది? దీనికి జవాబు 150 ఏళ్ల నాటిది. విలియం రాబిన్సన్ అనే అమెరికన్ మొదట పట్టాల పక్కన మీట పెట్టి, రైలు దాన్ని తొక్కినప్పుడు కరెంటు ప్రవహించి సంకేతం వచ్చేలా ఏర్పాటు చేశాడు. పనిచేసింది. కానీ తీగ తెగితే? రైలు వచ్చినా సంకేతం రాదు, దారి ఖాళీ అనే చూపిస్తుంది. ఆ లోపం గుర్తించి ఆయన మొత్తం ఆలోచననే తిరగేశాడు. 1872లో పేటెంటు పొందిన ఆయన ‘ట్రాక్ సర్క్యూట్’లో కరెంటు ఎప్పుడూ పట్టాల్లో పారుతూనే ఉంటుంది. ఒక పట్టాలో వెళ్లి, అవతలి చివర ఉన్న ‘రిలే’ అనే కరెంటు మీటను మేల్కొలిపి ఉంచి, రెండో పట్టా గుండా తిరిగొస్తుంది. రైలు రాగానే ఇనుప ఇరుసు రెండు పట్టాలనూ కలిపేస్తుంది. కరెంటు అడ్డదారిన వెళ్లిపోతుంది, రిలే పడిపోతుంది. రిలే పడిందంటే రైలు ఉన్నట్టు. తీగ తెగినా, పట్టా విరిగినా, బ్యాటరీ అయిపోయినా పడేది ఆ రిలేనే. అప్పుడు రైలు లేకపోయినా ఉన్నట్టే చూపిస్తుంది. వెనకటి రోజుల్లో రాత్రి గస్తీ తలారి గంటకోసారి కేక వేసేవాడు. కేక వినబడినంతసేపూ ఊరు నిద్రపోయేది, వినబడకపోతేనే లేచేది. రాబిన్సన్ చేసింది సరిగ్గా అదే. యంత్రం చెడిపోతే జనానికి ఇబ్బంది కలగాలి గానీ ప్రాణాపాయం కలగకూడదన్న ఈ సూత్రం మీదే నేటికీ రైల్వే సిగ్నలింగ్ అంతా నిలబడి ఉంది.

ట్రాక్ సర్క్యూట్‌కీ లోట్లున్నాయి. పట్టాలు తుప్పు పడితే ఇరుసు సరిగా కలపలేదు, వర్షపు నీళ్లు నిలిస్తే కరెంటు కారిపోతుంది. అందుకే ఇప్పుడు చాలాచోట్ల ‘యాక్సిల్ కౌంటర్లు’ వాడుతున్నారు. ఒక ముక్క లైనులోకి ఎన్ని ఇరుసులు వెళ్లాయో, ఎన్ని బయటికి వచ్చాయో లెక్క పెడతాయి. రెండు లెక్కలూ సరిపోతేనే దారి ఖాళీ.

ఆటోమేటిక్ గేట్లకు ఇంకో చిక్కు ఉంది. రైలు ఫలానా చోటికి రాగానే గేటు పడాలని పెడితే, వేగంగా వచ్చే రైలుకు 25 సెకన్ల గడువు మిగిలేచోట నెమ్మదిగా వచ్చే గూడ్సుకు రెండు నిమిషాలు మిగులుతాయి. ఒకసారి పాతిక సెకన్లు, ఒకసారి రెండు నిమిషాలు ఆగమంటే డ్రైవర్లకు హెచ్చరిక మీద నమ్మకం పోతుంది. 1960ల్లో అమెరికాలో దీనికి మందు కనిపెట్టారు. పట్టాల్లోకి ఆల్టర్నేటింగ్ కరెంటు పంపి, రైలు దగ్గరయ్యే కొద్దీ ఆ కరెంటుకు ఎదురయ్యే అడ్డంకి ఎంత వేగంగా తగ్గుతోందో కొలుస్తారు. దాన్నిబట్టి రైలు ఎన్ని సెకన్లలో చేరుతుందో యంత్రం లెక్కకట్టి, ఏ రైలుకైనా దాదాపు ఒకే గడువుతో గేటు వేస్తుంది.

అయితే సెకన్ల మీద నడిచే ఏర్పాటు సెకన్లలో దాటగలిగే బండ్లకే పనికొస్తుంది. 1968 జనవరి 6న ఇంగ్లండ్‌లోని హిక్సన్ దగ్గర 120 టన్నుల ట్రాన్స్‌ఫార్మర్‌ను మోస్తున్న పొడవాటి ట్రాలీ ఒకటి నడక వేగంతో పట్టాలు దాటుతోంది. ముందు పోలీసు కారు దారి చూపుతోంది. ఆ గేటు ఇచ్చే గడువు 24 సెకన్లు. ఆ బండి దాటడానికి నిమిషం పడుతుంది. లెక్క కుదరదని ఎవరికీ తట్టలేదు. ఎక్స్‌ప్రెస్ వచ్చి గుద్దింది, 11 మంది పోయారు. ఆ తర్వాతే అక్కడ గేట్ల దగ్గర పెద్ద బండ్ల వాళ్లు ముందుగా ఫోన్ చేసి అనుమతి తీసుకోవాలన్న బోర్డులు గట్టిగా అమల్లోకి వచ్చాయి. ఎడ్లబండి, గొర్రెల మంద, గడ్డి ట్రాక్టర్, పాతిక మందిని ఎక్కించుకున్న ఆటో, అన్నీ ఒకే గేటులో దాటే మన దగ్గర 27 సెకన్ల గేటు పెట్టకపోవడం తెలివైన పనేనని నా అభిప్రాయం. ఆలస్యం భరించవచ్చు.

గేటే లేని చోట్ల ఏం జరిగేదో తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. 2014 జూలై 24 ఉదయం మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని గేటులో బడి బస్సును నాందేడ్–సికింద్రాబాద్ ప్యాసింజర్ రైలు ఢీకొట్టింది. పదిమందికి పైగా పిల్లలు చనిపోయారు. డ్రైవరూ బతకలేదు. అప్పట్లో అందరి నోటా ఒకటే మాట: అంత పెద్ద రైలు కనబడలేదా?

కనబడుతుంది. కానీ కన్ను దాని వేగాన్ని సరిగా చెప్పదు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్షెల్ లీబోవిట్జ్ 1985లో ఈ విషయం మీద రాశాడు. పెద్ద వస్తువులు ఉన్నదానికన్నా నెమ్మదిగా కదులుతున్నట్టు మనకు తోస్తాయి. పైగా రైలు మనవైపు ఎదురుగా వస్తున్నప్పుడు పక్కకు కదలదు, పెద్దది మాత్రమే అవుతుంది. ఆ పెరుగుదలలోనే మోసం ఉంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే ఇంజిన్ 800 మీటర్ల నుంచి 400 మీటర్లకు రావడానికి 14 సెకన్లు పడుతుంది. అంతసేపటికి కంటికి అది రెండింతలు అవుతుంది. ఇంకో రెండింతలు కావడానికి 7 సెకన్లు, ఆపై మూడున్నర, ఆపై రెండు సెకన్లలోపే. చాలాసేపు కదలనట్టే ఉండి, చివరి క్షణాల్లో మీద పడుతుంది. ‘ఇంకా దూరంగానే ఉంది’ అని డ్రైవరు నిర్ణయించుకునేది ఆ మొదటి 14 సెకన్లలో. పిల్లలతో నిండిన బస్సు ఆగిన చోటు నుంచి కదిలి, పట్టాలు దాటి, తోకతో సహా అవతల పడాలంటే పది సెకన్లు అవలీలగా అవుతాయి.

చెవి మీద ఆధారపడదామన్నా కష్టమే. గేటుకు 600 మీటర్ల ముందు పట్టాల పక్కన పసుపుపచ్చ బోర్డు మీద ఇంగ్లిష్‌లో ‘డబ్ల్యూ/ఎల్’ అనీ, హిందీలో ‘సీ/ఫా’ అనీ రాసి ఉండటం రైలు కిటికీలోంచి చూసే ఉంటారు. అక్కడి నుంచి గేటు దాటేదాకా కూత పెడుతూ ఉండాలని లోకో పైలట్‌కు అది గుర్తు. 100 కిలోమీటర్ల వేగంలో ఆ కూత 21 సెకన్లు వినబడాలి. అద్దాలు మూసిన ఏసీ కారులో, పాటలు పెట్టిన బస్సులో అంతసేపూ వినబడుతుందని ఎవరు హామీ ఇస్తారు? మోటారు వాహనాల చట్టం 131వ సెక్షన్ ఈ సంగతి ముందే ఊహించింది. కాపలా లేని గేటు దగ్గర బండి ఆపాలి, కండక్టరో క్లీనరో దిగి పట్టాల దాకా నడిచి రెండు వైపులా చూసి, తాను ముందు నడుస్తూ బండిని దాటించాలి. ఎవరూ లేకపోతే డ్రైవరే దిగి చూసి రావాలి. చట్టంలో చక్కగా రాశారు. ఎంతమంది దిగారో మనకు తెలుసు.

రైల్వే శాఖ మొదట అలాంటిచోట్ల ‘గేట్ మిత్ర’ల పేరుతో మనుషుల్ని పెట్టింది. తర్వాత కొన్ని గేట్లు మూసేసి, కొన్నింటి కింద సబ్‌వేలు తవ్వి, మిగతావాటికి కాపలా పెట్టి, 2019 జనవరి 31 నాటికి బ్రాడ్‌గేజ్ మీద కాపలా లేని గేటు ఒక్కటీ లేకుండా చేసింది. అనిల్ కాకోద్కర్ నాయకత్వంలోని భద్రతా కమిటీ 2012లోనే లెవెల్ క్రాసింగులన్నింటినీ ఐదేళ్లలో తొలగించాలని చెప్పింది. ఆ సిఫార్సులో సగమే నెరవేరింది. కాపలా ఉన్న గేట్లు ఇంకా సుమారు పదిహేడు వేలు. వాటిలో పదకొండు వేలకు పైగా గేట్లకు ఇంటర్‌లాకింగ్ ఉంది. మిగతావి?

మిగతావి మాట మీద నడుస్తాయి. స్టేషన్ మాస్టర్ గేటుకు ఫోన్ చేసి ఫలానా బండి వస్తోంది, గేటు వేయమంటాడు. గేట్‌మ్యాన్ వేసి, తన దగ్గరున్న అచ్చు కాగితంలోంచి ఒక ‘ప్రైవేట్ నంబరు’ చెబుతాడు. వరసలో లేని ఆ అంకె అవతలివాడు ఊహించి రాసుకోలేడు కాబట్టి మాట నిజంగా జరిగిందనడానికి రుజువు. కానీ రుజువయ్యేది మాట జరిగిందని మాత్రమే, గేటు పడిందని కాదు. 2025 జూలై 8న తమిళనాడులో కడలూరు దగ్గర సెమ్మంకుప్పంలో బడి వ్యానును ప్యాసింజర్ రైలు ఢీకొట్టి ముగ్గురు విద్యార్థులు చనిపోయింది కాపలా ఉన్న గేటు దగ్గరే. గేటు పడి లేదు. ఇంటర్‌లాకింగ్ లేదు గనుక, తెరిచి ఉన్న గేటు రైలును ఆపలేదు. ఆ తర్వాత రైల్వే గేట్లన్నింటి దగ్గరా సీసీ కెమెరాలు పెట్టాలనీ, ఫోన్ సంభాషణల రికార్డింగులను రోజూ తనిఖీ చేయాలనీ ఆదేశాలు వెళ్లాయి. కెమెరా మంచిదే. కానీ అది జరిగిన తప్పును చూపిస్తుంది. రాబిన్సన్ రిలే తప్పు జరగనివ్వదు. ఎనిమిది గంటలో పన్నెండు గంటలో ఒంటరిగా కూర్చునే మనిషి జ్ఞాపకం మీద బడి వ్యాన్ల ప్రాణాలు పెట్టడం ఈ రోజుల్లో సమర్థించలేని పని.

ఇంటర్‌లాకింగ్ ఉన్నా గేటు గోడ కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. అప్పటి అనంతపురం జిల్లా పెనుకొండ దగ్గర 2015 ఆగస్టు 24 తెల్లవారుజామున గ్రానైట్ రాయి వేసుకొచ్చిన లారీ ఒకటి మూసి ఉన్న గేటును విరగ్గొట్టుకుని వెళ్లి బెంగళూరు–నాందేడ్ ఎక్స్‌ప్రెస్‌ను ఢీకొట్టింది. చనిపోయిన వారిలో కర్ణాటక శాసనసభ్యుడు ఎ. వెంకటేశ్ నాయక్ ఒకరు. అక్కడ సిగ్నల్ తప్పు చేయలేదు. గేటు తప్పు చేయలేదు. సన్నటి గడ అంత బరువును ఆపలేదు, ఆపడానికి దాన్ని పెట్టలేదు కూడా.

కొత్త సాంకేతికత కొంత సాయం చేస్తోంది. ‘కవచ్’ అనే మన స్వదేశీ రైలు రక్షణ వ్యవస్థకు ఎక్కువ పరీక్షలు జరిగింది దక్షిణ మధ్య రైల్వేలోనే. 2022 మార్చి 4న సికింద్రాబాద్ డివిజన్‌లో గుల్లగూడ, చిట్‌గిడ్డ స్టేషన్ల మధ్య రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ ఇంజిన్‌లో ఉండగా రెండు రైళ్లను ఎదురెదురుగా నడిపి చూపించారు. వార్తలన్నీ ఆ రెండు రైళ్లు ఆగిన సంగతే రాశాయి. కవచ్ చేసే ఇంకో చిన్న పని మన విషయానికి ముఖ్యం. పట్టాల మధ్య స్లీపర్ల మీద బిగించిన ట్యాగులను చదివి ఇంజిన్ తానెక్కడుందో తెలుసుకుంటుంది, గేటు దగ్గరపడగానే లోకో పైలట్ ప్రమేయం లేకుండా తానే కూత పెడుతుంది. మంచులో, అలసటలో బోర్డు చూడటం మరిచిపోయినా కూత ఆగదు.

అసలు మందు మాత్రం గేటు లేకుండా చేయడమే. ఎక్కడ వంతెన కట్టాలో తేల్చడానికి రైల్వేకు ఒక లెక్క ఉంది. రోజుకు వెళ్లే రైళ్ల సంఖ్యను రోడ్డు బండ్ల సంఖ్యతో గుణిస్తారు. లెక్కలో ఎడ్లబండి కూడా లారీతో సమానంగా ఒకటే. అది లక్ష దాటితే వంతెన ఖర్చులో రైల్వే వాటా పెడుతుంది. రోజుకు 40 రైళ్లు, 2,500 బండ్లు ఉంటే చాలు, లక్ష అయినట్టే. చిన్న గేట్ల కింద సబ్‌వేలు తవ్వుతున్నారు. వానాకాలంలో అవి చెరువులవుతున్నాయన్న ఫిర్యాదు ప్రతి ఊళ్లోనూ ఉంది. నీళ్లు పోయే దారి చూడకుండా తవ్విన సబ్‌వే పాత గేటు కన్నా మేలని ఆ ఊరివాళ్లను ఒప్పించడం కష్టం.

ఈలోగా గేటు మధ్యలో బండి ఆగిపోతే ఏం చేయాలి? చాలామంది సెల్ఫు కొడుతూ కూర్చుంటారు, లేదా నలుగురిని పిలిచి నెట్టిస్తారు. ముందు మనుషుల్ని దించండి. ఒకరు పరుగున గేట్‌మ్యాన్ దగ్గరికి వెళ్లాలి. ఆయన సిగ్నల్‌ను ఎరుపులోకి మార్చగలడు, స్టేషన్‌కు ఫోన్ చేయగలడు. రైలు అప్పటికే సిగ్నల్ దాటి ఉండొచ్చన్న అనుమానంతో ఆయన ఎర్రజెండా పాతి పట్టాల వెంట పరిగెత్తాలి. 600 మీటర్ల దగ్గర ఒకటి, 1,200 మీటర్ల దగ్గర పది మీటర్ల ఎడంతో మూడు డిటోనేటర్లు పట్టాకు బిగించాలి. ఇంజిన్ చక్రం ఎక్కగానే అవి పేలి లోకో పైలట్‌ను హెచ్చరిస్తాయి. కంకర మీద అంత దూరం పరుగెత్తడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో ఊహించండి. మీరు సెల్ఫు కొడుతూ పోగొట్టే ప్రతి నిమిషమూ ఆయన పరుగులోంచి పోయేదే.

రైలు కనబడుతుంటే బండిని వదిలేయండి. పట్టాల నుంచి దూరంగా, రైలు వస్తున్న వైపుకే ఏటవాలుగా పరిగెత్తండి. గుద్దిన బండి ముక్కలు రైలు వెళ్లే దిక్కుకే ఎగురుతాయి గనుక అటు పరిగెత్తినవాళ్లకే దెబ్బలు తగులుతాయి. గేట్‌మ్యాన్ అందుబాటులో లేకపోతే 139కి ఫోన్ చేసి, గేటు దగ్గర రాసి ఉన్న గేటు నంబరు గానీ, పక్కనున్న కరెంటు స్తంభం మీది కిలోమీటరు అంకెలు గానీ చెప్పండి. ‘ఊరి బయట గేటు’ అంటే కంట్రోల్ రూమ్‌కు ఏమీ తెలియదు, ఆ అంకెలు చెబితే ఏ రైలును ఆపాలో తెలుస్తుంది. పై తీగలో 25 వేల వోల్టులుంటాయి కాబట్టి ఎత్తైన లోడు ఉన్న బండిని విడిపించడానికి ఎవరినీ పైకి ఎక్కనివ్వకండి.

గేటు గడను సొంతంగా ఎత్తి దారి చేసుకోవడం రైల్వే చట్టం 160వ సెక్షన్ కింద నేరం. మూడేళ్ల దాకా జైలు. విరగ్గొడితే ఐదేళ్ల దాకా.